కోనసీమ రైలు, ఒకటికి ఎనభై ఏడో వంతు

చిన్న కొలతలో రైలు లేఅవుట్ కట్టేవాణ్ణి ఏ ఊరు కడుతున్నావని కాదు, ఏ సంవత్సరం కడుతున్నావని అడగాలి. బల్ల మీద మొదటి పట్టా పెట్టకముందే అది తేలిపోవాలి. ఇంజను బొగ్గు తింటుందా డీజిలు తాగుతుందా, పైన కరెంటు తీగలున్నాయా, స్టేషను గోడకు సున్నమా రంగా, ప్లాట్‌ఫారం మీద ట్రంకుపెట్టె మోస్తున్నారా చక్రాల సూట్‌కేసు లాగుతున్నారా, అన్నీ ఆ ఒక్క అంకెను బట్టే ఉంటాయి. ఈ పనిలో పడ్డవాళ్లు ఏ దేశంలోనైనా ఎక్కువమంది తమ చిన్నతనాన్నే ఎంచుకుంటారు. ఎత్తేసిన మీటరుగేజీ, మూతపడ్డ బ్రాంచి లైను, కూల్చేసిన సిగ్నల్ క్యాబిన్, అవే వాళ్ల బల్లల మీద మళ్లీ లేస్తాయి. గౌతమికీ వసిష్ఠకీ నడుమ, కోనసీమలో పుట్టినవాడికి ఆ భాగ్యం లేదు. పోగొట్టుకోవడానికి మాకు రైలెక్కడిది? రావలసిన రైలే ఉంది. అందుకే మా బల్ల మీద ఇంకా క్యాలెండర్‌కెక్కని ఏడాది నడుస్తుంది.

గట్టు దాకా మాత్రం వచ్చింది. కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను 1928లోనే వేశారు. రెండో ప్రపంచయుద్ధం పుణ్యమా అని 1940లో ఆ పట్టాలు పీక్కుపోయారు. మళ్లీ 2004లో వేశాక ఒంటి పెట్టె రైలుబస్సు ఒకటి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి దాకా వచ్చి, గౌతమి ముందు ఆగి, వచ్చిన దారినే తిరిగి వెళ్లేది. అవతలి ఒడ్డు ముక్తేశ్వరం. అక్కడికి పంటు ఎక్కాల్సిందే. కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్ల లైను 2000-01లో మంజూరైంది. దాని కోసం పట్టుబట్టిన మా ఎంపీ, లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. గౌతమిలో స్తంభాలు లేచాయి. వాటిని చూస్తూ పెరిగిన పిల్లలు పెళ్లిళ్లు చేసుకున్నారు, వాళ్ల పిల్లలకు ఆ స్తంభాలే చూపిస్తున్నారు.

ఆ 57 కిలోమీటర్లను 87తో భాగించి చూడండి. 655 మీటర్లు. అమలాపురం గడియార స్తంభం దగ్గర బయల్దేరితే టీ చల్లారేలోపు నడిచేసే దూరం. హెచ్‌ఓ అనే కొలతలో అసలు వస్తువు ఎంతుంటే అందులో 87వ వంతు చేస్తారు. అయిదున్నర అడుగుల మనిషి రెండు సెంటీమీటర్లకు దిగుతాడు. రైలు పెట్టె జానెడుకు వేలు ఎక్కువవుతుంది. కొబ్బరి చెట్టు సరిగ్గా జానెడు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి బల్ల మీద సెకనుకు 16 సెంటీమీటర్లు కదిలితే చాలు. పిల్లలకు కొనిచ్చే బొమ్మ రైలు గిరగిరా తిరిగి పట్టాలు దూకేస్తుంది. ఇది అలా కాదు. వంపులో ఒక్కొక్క పెట్టే ఒద్దికగా ఒళ్లు తిప్పుకుంటూ, చక్రం పట్టా అతుకు మీద పడ్డప్పుడల్లా చిన్న టిక్కుమనే చప్పుడుతో, పొలం పక్కనుంచి పోతుంది. కళ్లను బల్ల ఎత్తుకు దించి ఆ రెండు సెంటీమీటర్ల మనిషి పక్కన పెట్టి చూసినవాడికి ఒళ్లు జలదరిస్తుంది. బొమ్మ ఎప్పుడు బండి అయిందో తెలీదు.

మనకిది కొత్త విద్యేమీ కాదు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టిన ఇంట్లో మెట్ల పక్కన నేల మీద ఒక ఊరు వెలిసేది. అద్దం ముక్క చెరువు. ఇసుక బాట. పండక్కి ముందే తడిపిన మట్టిలో ఆవాలు చల్లి మొలిపించిన పచ్చిక. దాని పక్కన ఏటికొప్పాక లక్క రంగుల కొయ్య రైలు, ఎర్ర ఇంజను, పసుపు పెట్టెలు. ఒకదాని కొలత ఇంకొకదానికి కుదిరేది కాదు. రైలు కన్నా కోడిపెట్ట పెద్దది, గుడి కన్నా శెట్టి దంపతుల బొమ్మలు ఎత్తు. అయినా అమ్మమ్మలకు ఒక సంగతి తెలుసు. రైలు ఒక్కటీ ఉంటే అది వస్తువే, దాని పక్కన చెరువూ బాటా ఉంటేనే అది ఎక్కడికో పోతున్నట్టు ఉంటుంది. జర్మనీలో మెర్క్‌లిన్ కంపెనీవాళ్లు 1891లో రైలు బొమ్మల్ని కొలతల వరసలో పెట్టి, పట్టాలు, పాయింట్లు ఒకదాని వెనక ఒకటి కొని లైను పెంచుకునే ఏర్పాటు చేశారు. చెరువు సంగతి మాత్రం అమ్మమ్మలకు ఎవరూ నేర్పలేదు.

కొబ్బరి చెట్టు ఎలా చేస్తారో చెబుతాను, ఎందుకంటే కోనసీమ లేఅవుట్‌లో రైలు కన్నా ముందు నిలబడాల్సింది అదే. బజార్లో ప్లాస్టిక్ చెట్లు డబ్బాల్లో దొరుకుతాయి. అన్నీ ఒకే ఎత్తు, ఒకే పచ్చ, పోలీసు కవాతులో నిలబెట్టినట్టు ఉంటాయి. అంబాజీపేట కొబ్బరి రైతు చూస్తే నవ్విపోతాడు. సన్నటి రాగి తీగలు గుప్పెడు తీసుకుని కలిపి మెలిపెట్టాలి. పైకొసలు విడివిడిగా వదిలేస్తే అవే మట్టలకు ఈనెలవుతాయి. మెలిక చుట్టూ నూలు దారం బిగించి చుట్టి బంక రాస్తే మాను మీది వలయాలు తేలతాయి. బూడిద రంగులో చిటికెడు మట్టి రంగు. మొదట్లో లావు, పైకి పోయేకొద్దీ సన్నం. పచ్చ కాగితం కోలగా కత్తిరించి, తీగ మీద అంటించి, రెండు పక్కలా చిన్న కత్తెరతో వెంట్రుకవాసి చీలికలు పెట్టాలి. ఇక్కడ ఓపిక పోతే చెట్టు పోయినట్టే. కింది మట్టలు వాలాలి, ఒకటి ఎండి వేలాడాలి, నడిమి మొవ్వు లేత పసుపు పచ్చలో నిటారుగా ఉండాలి. మట్టల మొదట్లో నిజం చెట్టుకు ఉండే గోధుమ రంగు పీచు కోసం నిజం పీచే పెడతాను. ఇక కాయలు. అసలు కాయ జానెడుంటే 87వ వంతు ఎంత? ఆవగింజంత. అందుకని పోపుల డబ్బాలోంచి ఆవాలు తీసి, పచ్చ రంగు పులిమి, గెలగా అంటిస్తాను. ఆ కొలత కుదిరిన రోజున ఇంట్లో ఎవరికి చెప్పినా అర్థం కాలేదు గానీ, నాకు మాత్రం భగవంతుడు లెక్కల మనిషేనని అనిపించింది.

చెట్టును నిటారుగా పాతకూడదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానును చూసిన నేల ఇది. ఆ గాలికి తోటలకు తోటలే పడుకున్నాయి. పడని చెట్లు నడుం వంచి, మళ్లీ వెలుతురు కోసం తల ఎత్తుకున్నాయి. నడుం దగ్గర ఆ వంపు లేని తోటను పెట్టి కోనసీమంటే ఈ ఊళ్లలో ఎవరూ నమ్మరు.

తర్వాత కంకర. రాతి పొడిని టీ వడపోసే జల్లెడలో జల్లించి, స్లీపర్ల మధ్య మెత్తటి కుంచెతో సర్దాలి. దాన్ని అంటించడంలో ఒక కిటుకు ఉంది. బంక నేరుగా పోస్తే రాళ్ల పొడి ముద్దకట్టి బొట్టు వెనక పరిగెడుతుంది. ముందు గిన్నెలు తోమే సబ్బు నీళ్లు రెండు చుక్కలు కలిపిన నీటిని మంచులా పిచికారీ చేస్తే పొడి తడిని ఒప్పుకుంటుంది. అప్పుడు నీళ్లలో పలచన చేసిన ఫెవికాల్‌ను డ్రాపర్‌తో పట్టా పక్కన ఒక్కో చుక్కా వదలాలి. చుక్క రాళ్ల మధ్య ఎటు పోతోందో తెల్లగా కనిపిస్తుంది, పాకుతుంది, ఇంకుతుంది. తెల్లారేసరికి తెలుపంతా పోయి రాయి రాయిలాగే ఉంటుంది, గట్టిగా ఊదినా కదలదు. మూరెడు లైనుకు ఒక పూట పడుతుంది. ఎవరూ తొందర పెట్టని పూట.

నదుల దగ్గర మాత్రం ఎంత గొప్ప చెయ్యి అయినా తగ్గాల్సిందే. రాజమండ్రిలో 1997 నాటి కమానుల వంతెనకు 28 కమానులు, ఒక్కొక్కటి 97 మీటర్ల పైమాట. హెచ్‌ఓలో ఒక్క కమానే మీటరు దాటుతుంది, మొత్తం వంతెన 31 మీటర్లు. ఆ వంతెనకు ఇంట్లో చోటెక్కడ? గన్నవరం దగ్గర వైనతేయ మీద కాటన్ దొర కాలంలో కట్టిన అక్విడెక్టు కూడా అంతే. కింద నది, నది మీద వరసగా 49 కమానులు, వాటి మీద ఇంకో నీరు. నీటి మీదుగా నీటిని నడిపించిన ఆ వింతను, దాని పక్కనే 2000లో వచ్చిన డొక్కా సీతమ్మ గారి పేరిటి కొత్తదాన్ని, చిన్నప్పటి నుంచి చూస్తున్నా నాకు తనివి తీరలేదు. కానీ 49ని 49గా కడితే ఏడు మీటర్ల పైమాటే. అందుకని కుదించాలి. అయిదు కమానులు కడితే వంతెన, తొమ్మిది కడితే గన్నవరం. ఎన్ని తీసేసినా ఇంకా అదే అనిపిస్తుందో, ఏ ఒక్కటి తీస్తే అది కాకుండా పోతుందో తెలియడానికి ఆ ఊళ్లో ఒకటికి పదిసార్లు తిరగాలి. ఈ పని పెట్టుకున్నాకే నేను మా కాలవ గట్ల మెట్లు లెక్కపెట్టాను, పెంకుటింటి చూరు ఎంత కిందికి దిగుతుందో చెయ్యి పెట్టి కొలిచాను, లాకుల గేటు మీద రంగు ఎక్కడెక్కడ పెచ్చులూడిందో చూశాను. పుట్టి పెరిగిన ఊరును అన్నాళ్లు ఊరికే దాటుకుంటూ తిరిగానన్నమాట.

నీరు రెసిన్‌తో పోస్తారు. ఏ నెల గోదావరి అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. శ్రావణంలో ఎర్రనీరు, మాఘంలో ఆకుపచ్చ, వేసవిలో ఇసుక తిన్నెలు, లంకల మీద పొగాకు, కూరపాదులు. మా గుంపులో దీని మీద ఒక వర్షాకాలమంతా తగువు నడిచింది.

గుంపంటే గుంపే. పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, చందా పుస్తకం ఒకటి ఉంది గానీ అందులో రాయడానికి ఎవరూ ఇష్టపడరు. అమలాపురం వాళ్లు, రాజోలు వైపు వాళ్లు, కొత్తపేట ఆయన ఒకరు. ఒక్కరి ఇంట్లో అంత చోటు లేదు కనుక పలకలుగా కడతాం. తలా ఒక పలక, నాలుగడుగుల పొడవు. నేల నుంచి ఎత్తు ఒకటే, పట్టాలు వచ్చి తెగే చోటు ఒకటే, కింద వైర్ల ప్లగ్గు ఒకటే. అంచులు రెండూ ఇలా కలిసేట్టు ఉంచి, నడుమ నీ ఇష్టం. ఒకరు ముక్తేశ్వరం రేవు కట్టారు, ఒకరు అమలాపురం స్టేషను కట్టారు, ఇంకొకరు దిండి పడవలిళ్లు. కొత్తపేట ఆయనకు మొదట్లో కోపం వచ్చింది, మంజూరైన లైను వాళ్ల ఊరి మీదుగా పోదని. ఏ బడ్జెట్లోనూ లేని బ్రాంచి లైను ఒకటి తనంతట తనే కట్టుకొచ్చి అమలాపురానికి తగిలించారు. రైల్వే బోర్డు లేకపోవడం మాకున్న పెద్ద సుఖం.

ఈ పలకల పద్ధతి నాకు మహా ఇష్టం. అమెరికాలో 1970ల్లో ఎన్-ట్రాక్ అని మొదలుపెట్టారు, ఇప్పుడు దేశదేశాల్లో నడుస్తోంది. గుంపులు కట్టడం దానికన్నా పాత అలవాటు, లండన్ మోడల్ రైల్వే క్లబ్బు 1910 నుంచి ఉంది. ఎమ్‌ఐటీ విద్యార్థుల క్లబ్బు 1946లో పుట్టింది. అక్కడ రెండు రకాల మనుషులుండేవారు. బల్ల పైన కొండలూ ఇళ్లూ కట్టేవాళ్లు ఒకరు, బల్ల కింద దూరి టెలిఫోన్ ఎక్స్చేంజి రిలేలతో సిగ్నళ్లు నడిపేవాళ్లు ఇంకొకరు. ఆ బల్ల కింది కుర్రాళ్లే తర్వాత కంప్యూటర్ల మీద పడ్డారు. 1962లో స్పేస్‌వార్ ఆటను రాసిన స్టీవ్ రస్సెల్ ఆ క్లబ్బువాడే. పుణెలో భావుసాహెబ్ జోషీ ఒక జీవితమంతా ఈ పిచ్చిలో గడిపి 1998లో కోథ్రుడ్‌లో చిన్న రైళ్ల మ్యూజియమే పెట్టారు. హాంబర్గ్‌లో బ్రౌన్ కవలలు 2001లో తెరిచిన మినియేచర్ వండర్‌లాండ్‌లో వెయ్యికి పైగా బండ్లున్నాయి, అక్కడ ఊళ్లలో రాత్రిళ్లు కూడా అవుతాయి. అంత వైభవం చూస్తే కళ్లు చెదురుతాయి, నిజమే. నాకు మాత్రం ఇద్దరు మనుషులు రెండు ఊళ్ల నుంచి ఆటోలో పట్టుకొచ్చిన రెండు పలకలు పక్కపక్కన పెట్టినప్పుడు, పట్టాకు పట్టా తగిలి, కరెంటు ఇటునుంచి అటు పారే క్షణం ఎక్కువ. పల్లెపల్లెకూ ప్రభ కట్టి, కనుమ నాడు జగ్గన్నతోటలో పదకొండు రుద్రుల్నీ ఒకచోట నిలబెట్టే సీమ ఇది. ఆ ప్రభల్లో కొన్నిటిని మోసేవాళ్లు కౌశిక ఏటిలో మెడలోతు నీళ్లలో కూడా కిందికి దించకుండా దాటిస్తారు. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే శకటంగా వెళ్లింది కూడా ఈ ప్రభల తీర్థమే. ఎవరి ప్రభ ఎత్తు, ఎవరిది అందం అనే పోటీ ఎంత ఉన్నా, తోటలో పదకొండూ కలవాల్సిందే. పలకలు మోసుకొచ్చేటప్పుడు మావాళ్లకు ఎవరూ చెప్పకుండానే చేతులు అలా అందుకుంటాయి.

గొడవల్లేవని కాదు. పెద్ద గొడవ గేజీది. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు, అది విదేశాల 1435 గేజీకి 87వ వంతు. మనకు సరిపోవాలంటే 19.3 కావాలి.

"ఏవండీ, పట్టాలు ఇంత దగ్గరగా ఉంటే అది మన బండి ఎలా అవుతుందండీ?"

"ఆయ్, నిజమేనండి. మరి 19.3కి చక్రాలు మీరు చేయించి పెడతారేంటండీ?"

తేడా మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. దాని మీద పెద్దమనుషులు మూడు వారాలు మాట్లాడుకోలేదు. పట్టాలను కదపకుండా బండినే ఇంకాస్త చిన్నది చేసి, 101.6వ వంతున కడితే ఆ 16.5లోనే మన బ్రాడ్‌గేజి కచ్చితంగా కుదురుతుందని గుంపులో లెక్కల మాస్టారు తేల్చారు. అప్పుడు మనుషులు, ఇళ్లు, నా ఆవగింజల కాయలు, అన్నీ మళ్లీ చెయ్యాలి. అంతటితో అందరూ 16.5తో రాజీపడ్డారు, మాస్టారు తప్ప. ఆయన ఇప్పటికీ రైలు ఎదురుగా వస్తుంటే మొహం పక్కకు తిప్పుకుంటారు, పక్కనుంచి పోతున్నప్పుడు మాత్రం మురిసిపోతారు. పక్కనుంచి గేజీ కనబడదు.

ఇంకొకాయన ఏమీ కట్టరు, బండ్లు నడపడానికే వస్తారు. మొదట్లో అందరం మొహం మాడ్చుకున్నాం. బళ్లు నడిచే రోజున చూస్తే మా అందరిలోకీ అసలైన రైల్వే మనిషి ఆయనే. బండిని వదిలేటప్పుడు మీట ఎంత మెల్లగా తిప్పుతారంటే, పెట్టెల మధ్య కొక్కెం ఒక్కొక్కటీ బిగుసుకోవడం వినిపిస్తుంది.

నడిపే రోజున గోడ గడియారం ఆరు రెట్ల వేగంతో తిరుగుతుంది. నాలుగు గంటల్లో ఒక పగలూ రాత్రీ. కాకినాడ నుంచి తెల్లవారుజాము బండి కోటిపల్లిలో ఆగదు. గౌతమి మీదుగా ముక్తేశ్వరం వైపు దిగుతుంది. మొదటిసారి అలా దిగినప్పుడు చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు, మాలో ఒకరిద్దరు ముక్కు చీదుకున్నారు. తర్వాత అమలాపురం, అక్కడ కొబ్బరి లోడు గూడ్సుకు దారివ్వాలి. బోడసకుర్రు దగ్గర వైనతేయ, పాశర్లపూడి, రాజోలు. ఒంటి లైను గనుక స్టేషను స్టేషనుకీ టోకెన్ చేతులు మారాలి. మన రైల్వేల్లో నీల్స్ యంత్రంలోంచి ఇనుప గుండు వచ్చేది, అది చేతిలో ఉంటేనే డ్రైవరు బండి తీసేవాడు. మేము గోళీ వాడతాం, నీలం గోళీ. రాబోయే రైలుకు పాతకాలపు టోకెనేమిటండీ అని లెక్కల మాస్టారు ప్రతిసారీ అడుగుతారు. గోళీ వాడకపోతే స్టేషన్ మాస్టర్లకు పనేముంటుందండీ అని మిగిలినవాళ్లు.

ఈ మధ్య బండ్లు నడుపుతుంటే, నరసాపురం నుంచి వచ్చే బండి దిండి దాటి రాజోలు ఔటర్‌లో ఆగింది. అమలాపురం నుంచి లైన్ క్లియర్ అడుగుతున్నారు, వెనక గూడ్సు నిలబడింది, గడియారం ఆరు రెట్లు పరిగెడుతోంది. రాజోలు స్టేషన్ మాస్టారు టోకెన్ జేబులో వేసుకుని భోజనానికి వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే, "ఆయ్, పెరుగు దాకా వచ్చానండి, వచ్చేస్తాను, బండి కదలనివ్వకండి" అన్నారు.